రాడిసన్ జీతపు వ్యాజ్యము



గడచిన వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థి యొకడు చింతపండు టోకు వ్యాపారము చేయు నొక దుకాణమున రెండు నెలలు పని చేసెను. బస్తాలు లెక్క వ్రాయుట, సంతకు పోయి సరకు చూచి వచ్చుట అతని పని. సెలవులు ముగిసి జీత మడుగగా, యజమాని “రెండు పూటలు భోజనము పెట్టితిమి గదా, ఇంకను జీత మేమి?” అనెనట. బాలుడు మా యొద్దకు వచ్చి, “మాస్టారూ, కాగితము లేనిచో జీతము లేనట్లేనా?” అని ప్రశ్నించెను. ఆ నాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. మీలో పెక్కుమంది పదవ తరగతి ముగియగానే ఏదో యొక అంగడిలోనో కార్యాలయమునందో చేరబోవువారు. కావున ఆ ప్రశ్నకు మూడు వందల యేండ్ల క్రిందటి నిజమైన వృత్తాంత మొకటి ఆధారముగా గైకొని, ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. గుమాస్తా యనగా నెవరు?

ముందుగా మాటలను విచారింతము. ‘గుమాస్తా’ అనునది పారసీక పదము. ‘నియమింపబడినవాడు’ అని దాని యర్థము. యజమాని పక్షమున దూరదేశములకు పోయి క్రయవిక్రయములు జరుపువానికి ఆ పేరు. మన తూర్పు తీరమున 1611లో మచిలీపట్నమునందు స్థావర మేర్పరచుకొన్న ఈస్టిండియా కంపెనీ కూడ, తన పక్షమున సరకు కొనువారిని తరువాతి కాలమున ఈ పేరుతోనే పిలిచెను. ‘జీతము’ అను మాట ‘జీవితము’ నుండి పుట్టినది. ‘భృతి’ యనగా పోషణ. భృతి పొందువాడు భృత్యుడు. జీతమునకు బ్రతుకునకు గల సంబంధము మన భాషలోనే యిమిడియున్నది. జీతము తగ్గించుట యనగా బ్రతుకును తగ్గించుటయే యని పెద్దలు గ్రహించియుండిరి.

ఇప్పుడు మనము చెప్పుకొనబోవు గుమాస్తా ఫ్రెంచివాడు. పేరు పియేర్ ఎస్ప్రి రాడిసన్. అతని యజమానులు లండను నగరపు వర్తకులు. వారి సరకు బొచ్చుతోళ్ళు. వారి సంత ఉత్తర అమెరికాలో మంచుతో నిండిన హడ్సన్ అఖాతపు తీరము.

2. బొచ్చుతోళ్ళ కేల అంత గిరాకి?

బీవరు అనునది నీటియందును నేలమీదను సంచరించు జంతువు. చెట్లను పండ్లతో కొరికి పడగొట్టి, వాగులకు అడ్డుకట్టలు కట్టుకొని నివసించును. దాని యొడలిపై రెండు విధములైన వెండ్రుకలుండును. పైన నుండునవి పొడవైనవి, బిరుసైనవి. లోపల నుండునది మిక్కిలి మెత్తని ఉన్ని. ఈ లోపలి వెండ్రుకలకు కంటికి కానరాని ముండ్ల వంటి అంచులుండుటచే, తడిపి నొక్కినచో అవి యొకదానినొకటి పట్టుకొని గట్టి దళసరి గుడ్డగా మారును. ఆ గుడ్డతో చేసిన టోపీ వానకు చెడదు, ఆకారము కోల్పోదు. పదునేడవ శతాబ్దమున ఐరోపాలో గొప్పవారందరు ఆ టోపీలు ధరించుచుండిరి. ఐరోపా బీవరులు వేటచే అప్పటికే మిక్కిలి తరిగిపోయియుండుటచే వర్తకుల దృష్టి అమెరికా అడవులమీదికి మరలెను.

ఒక విశేషము గమనింపుడు. కొత్త తోలుకంటె, అడవిజనులు కొంతకాలము వస్త్రముగా ధరించిన తోలునకే టోపీ పనివారియొద్ద ఆదరము మెండు. ఏలయన, ధరించి ధరించి పైనున్న బిరుసు వెండ్రుకలు రాలిపోయి, ఉన్ని మాత్రము మిగిలియుండెడిది. వేటాడినవారు, తోలు శుభ్రపరచినవారు, పడవలలో నదులవెంట వందలాది మైళ్ళు మోసికొనివచ్చినవారు క్రీ మొదలగు ఆదివాసులు. వారు తుపాకులు, కంబళ్ళు, లోహపు పాత్రలు, కత్తులు మారుగా పుచ్చుకొనెడివారు. మన కంధమాల్ కొండలనుండి పసుపును, చింతపండును మోసికొని సంతకు దిగు కొండవారిని ఎరిగిన మీకు ఈ వ్యాపారపు తీరును విప్పి చెప్ప నక్కరలేదు. కొండవాని భాష, మర్యాద, నమ్మకము తెలిసిన మధ్యవర్తి లేనిచో మైదానపు వర్తకుని మూటలో ధనమున్నను సరకు చేతికి రాదు. రాడిసన్ అట్టి మధ్యవర్తి.

3. రాడిసన్ పూర్వవృత్తాంతము

ఫ్రెంచివారి వలసయైన కెనడాలో రాడిసన్ పెరిగెను. ఇంచుమించు 1651 ప్రాంతమున, ఇంకను యౌవనము రాని వయస్సున, మోహాక్ జాతివారు అతనిని బంధించి కొనిపోయిరి. వారిలో నొక కుటుంబము అతనిని పుత్రునిగా స్వీకరించెను. ఆ కాలమున అతడు వారి భాషను, వేటను, అడవిత్రోవలను నేర్చుకొనెను. తప్పించుకొని వచ్చిన తరువాత, తన సోదరిని వివాహమాడిన బావ గ్రోజేయేతో కూడి సుపీరియర్ సరస్సునకు ఆవలనున్న అడవులకు పోయి, 1660లో గొప్ప తోళ్ళరాశితో తిరిగివచ్చెను.

అప్పుడు గవర్నరు వారిని మెచ్చుకొనుటకు మారు, అనుమతి లేక వర్తకము చేసిరని దండించి, సరకులో చాల భాగము స్వాధీనము చేసికొనెను. ఇది రాడిసన్ జీవితమున శ్రమకు ఫలము దక్కని మొదటి సందర్భము. బావమరదు లిద్దరును ఆశాభంగము నొంది, 1665లో ఇంగ్లండునకు పోయి, హడ్సన్ అఖాతము మీదుగా ఓడలలో తిన్నగా పోయినచో తోళ్ళు చౌకగా లభించునని అచటి రాజునకును, వర్తకులకును విన్నవించిరి. 1668లో రెండు ఓడలు బయలుదేరెను. రాడిసన్ ఎక్కిన ఓడ తుపానుకు చెడి వెనుకకు మరలెను. గ్రోజేయే ఎక్కిన నాన్‌సచ్ అను చిన్న ఓడ అఖాతమును చేరి, 1669లో తోళ్ళతో లండనునకు వచ్చెను. ఆ యనుభవమే పునాదిగా 1670 మే 2వ తేదీన రెండవ ఛార్లెస్ రాజు హడ్సన్ బే కంపెనీకి శాసనపత్ర మొసగెను. ఆ అఖాతములో కలియు నదుల పరీవాహక భూమియందంతటను వర్తకము చేయు హక్కు ఆ కంపెనీకే దక్కెను. రాజబంధువగు రూపర్టు కుమారుడు మొదటి గవర్న రయ్యెను.

కంపెనీ పుట్టుటకు మూలమైనవా రీ బావమరదులే. అయినను కంపెనీలో వారు భాగస్వాములు కారు, జీతగాండ్రు. ఆదరము చాలలేదను అసంతృప్తితో కొన్ని యేండ్లకు వారు మరల ఫ్రెంచివారి కొలువులో చేరిరి. 1682లో ఫ్రెంచి వర్తకసంఘము పక్షమున నెల్సన్ నదీ ప్రాంతమునకు పోయి, అచటికి వచ్చిన ఇంగ్లీషు కంపెనీ మనుష్యులను సైతము పట్టుకొనిరి. 1683లో తోళ్ళతో కెనడాకు రాగా, నాలుగవవంతు పన్ను చెల్లింపవలయునని యధికారులు పట్టుపట్టిరి. వివాదము ఫ్రాన్సుదాక పోయినను రాడిసన్‌కు న్యాయము జరుగలేదు. 1684లో అతడు మరల హడ్సన్ బే కంపెనీ కొలువున ప్రవేశించెను.

4. మేనల్లుని కోట

ఈసారి కంపెనీతో ఒడంబడిక స్పష్టముగా జరిగెను. సంవత్సరమునకు 50 పౌండ్ల జీతము. అదికాక 200 పౌండ్ల మూలధనమునకు వచ్చు లాభాంశము. తరువాత మరి 50 పౌండ్లు చేర్పబడి, జీతము 100 పౌండ్లకు పెరిగెను.

1684లోనే రాడిసన్ ఓడయెక్కి నెల్సన్ ప్రాంతమునకు పోయెను. అచట ఫ్రెంచివారి స్థావరమును కాచుచున్నవాడు ఎవరో కాదు. గ్రోజేయే కుమారుడు జాఁ బాప్టిస్టు షూఆర్, అనగా రాడిసన్‌కు స్వయముగా మేనల్లుడు. ముందటి సంవత్సరమున మేనమామయే అతనిని అచట నిలిపి వచ్చెను. ఇప్పుడు ఆ మేనమామయే పక్షము మార్చి వచ్చి, కోటను, తోళ్ళను ఇంగ్లీషువారికి అప్పగింపుమని చెప్పి ఒప్పించెను. ఇంచుమించు 20,000 తోళ్ళు కంపెనీ చేతికి వచ్చెను. ఒక్క తుపాకి పేలలేదు. మేనల్లుడును, అతని మనుష్యులును లండనునకు కొనిపోబడిరి.

ఇచట మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. కంపెనీకి ఇది గొప్ప లాభము. కాని ఆ తోళ్ళను చలిలో కాచి కూర్చినవారు షూఆరును, అతని సహచరులును. రాడిసన్ తరువాత తన జీతమునకై పోరాడినాడు. తన మేనల్లుని కష్టఫలమును మాత్రము తానే యితరులపరము చేసినాడు. చరిత్రలో అన్యాయమునకు గురియైనవాడు అన్నిట నిర్దోషి యని తలపరాదు. దోషము కలవానికి కూడ న్యాయముగా రావలసిన జీతము రావలసినదే యనియు మరువరాదు. ఈ రెండు మాటలను విడదీసి చూచుట నేర్చుకొన్నవాడే చరిత్ర చదివినవాడు.

ఈ కార్యముతో ఫ్రెంచివారు రాడిసన్‌ను ద్రోహిగా నెంచి, పట్టియిచ్చినవారికి బహుమాన మిత్తుమని ప్రకటించిరి. ఇక అతనికి వెనుకకు మరలు త్రోవ లేదు.

5. వివాద మెట్లు పుట్టెను?

1690లో కంపెనీ తన మూలధనమును లెక్కలలో మూడు రెట్లు చేసి, అట్లు పెంచిన మొత్తముపై నూటికి 25 చొప్పున లాభాంశము పంచెను. దీనిని గణితముతో చూతము. 200 పౌండ్ల పాతధనము 600 అగును. 600 మీద నూటికి 25 అనగా 150 పౌండ్లు. మూడు రెట్ల లెక్క వర్తింపదని త్రోసివేసినచో 200 మీద 50 పౌండ్లే. ఒడంబడికలో ‘200 పౌండ్ల మూలధనపు లాభాంశము’ అని యున్నప్పుడు ఏ లెక్క సరియైనది? వ్రాసికొన్న నాడు ఎవ్వరికిని తట్టని ప్రశ్న పంచుకొను నాడు పుట్టును. కావుననే ఒడంబడికలో అంకె యొక్కటియే చాలదు; ఆ అంకెను లెక్కించు విధమును కూడ వ్రాయవలెను.

ఆ వెనుకనే కంపెనీకి చెడ్డకాలము ప్రాప్తించెను. 1686లోనే ఫ్రెంచివారు జేమ్స్ అఖాతమునందలి కోటలను పట్టుకొనియుండిరి. 1689లో ఇంగ్లండునకు ఫ్రాన్సుకు యుద్ధము ఆరంభమై 1697 వరకు సాగెను. 1690 తరువాత 1718 వరకు కంపెనీ లాభాంశము పంచనే లేదు. వ్యయము తగ్గింపవలసిన స్థితిలో పాలకసంఘము రాడిసన్ జీతమును 100 పౌండ్లనుండి 50 పౌండ్లకు కుదించెను.

కంపెనీ పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఆదాయము క్షీణించినది. రాడిసన్ అప్పటికి అడవులకు పోవుట మాని లండనులో నివసించుచున్నాడు. ఒకటికి రెండుమార్లు పక్షము మార్చినవాడగుటచే కొందరికి అతనియందు నమ్మకము తక్కువ.

రాడిసన్ పక్షము మరియొకటి. జీతము చేసిన పనికి ప్రతిఫలముగా నొప్పుకొన్నది. పని పూర్తియైనది, లాభము కంపెనీ అనుభవించినది. నష్టము వచ్చిన యేట జీతము తగ్గింతుమనువారు, లాభము వచ్చిన యేట జీతము పెంచితిరా? అతనికి భార్యాబిడ్డలు కలరు. ఫ్రాన్సుకు పోయినచో చెరసాల, ఇంగ్లండులో నున్నచో సగము జీతము.

సంతోషింపదగిన విషయ మేమనగా, పాలకసంఘములోనే విలియం యంగు అను సభ్యుడు రాడిసన్ పక్షము వహించి, అతని సేవలను, అతనికి కంపెనీ చేసిన వాగ్దానములను వివరించుచు 1692లో విన్నపము వ్రాసెను. యజమానుల వరుసలో కూర్చుండియు జీతగాని పక్షమున నోరు విప్పుట సులభము కాదు. ఆ విన్నపము వలన వెంటనే ఫలము కలుగలేదు.

6. న్యాయస్థానమున

ఇంతవరకు రాడిసన్ చరిత్రను తిరిగి పరికింపుడు. 1660లో అన్యాయము జరుగగా పక్షము మార్చెను. కంపెనీలో ఆదరము లేదనిపింపగా పక్షము మార్చెను. 1683లో పన్ను తగవు రాగా మరల పక్షము మార్చెను. నేర్పుగల పనివానికి కొలువు విడిచిపోవుటయే ఆయుధము. కాని ఆ యాయుధము నెన్నిమార్లు వాడిన అంత మొద్దువారును. నాలుగవ సారికి పోదగిన చోటు లేదు. అప్పు డతడు నిలిచి వ్యాజ్యము వేసెను.

1694లో రాడిసన్ లండనులోని ఛాన్సరీ న్యాయస్థానమున కంపెనీమీద ఫిర్యాదు దాఖలు చేసెను. ఆ న్యాయస్థానము సాధారణ శాసనముల కఠినాక్షరములకు లోబడక, ధర్మబుద్ధి ననుసరించి విచారించుటకు ఏర్పడినది. వాగ్దానమును నమ్మి నష్టపోయినవానికి అది తగిన తావు. ఒక వైపున రాజశాసనముతో వెలసిన కంపెనీ. రెండవ వైపున పరదేశమున పుట్టిన వయసు మీరిన జీతగాడు. విచారణ మూడు సంవత్సరములు సాగెను. 1697లో తీర్పు రాడిసన్‌కు అనుకూలముగా వచ్చెను.

అటుపిమ్మట కంపెనీ అతనికి మరణపర్యంతము జీతము చెల్లించెను. లాభాంశముల మాట వేరు. కంపెనీ పంచిననే గదా అతనికి భాగము! 1718 వరకు పంపకమే లేదు. 1710లో రాడిసన్ లండనులో మరణించెను. కంపెనీ అతని భార్యకు 6 పౌండ్లు ధర్మముగా నిచ్చెను.

7. ఈ వృత్తాంతమునుండి గ్రహింపవలసినది

‘ధర్మముగా’ అను మాటను గుర్తుంచుకొనుడు. జీతము హక్కు, దానము దయ. బ్రతికియున్న నాళ్ళు రాడిసన్ పొందినది జీతము, న్యాయస్థానము నిలిపియిచ్చినది. అతని భార్యకు దక్కినది దయ. హక్కు నడిగి పుచ్చుకొనవచ్చును. దయకై చేయి చాపి నిలువవలెను. మన విద్యార్థికి యజమాని చెప్పిన మాట, “భోజనము పెట్టితిమి గదా” అనునది, హక్కును దయగా మార్చు ప్రయత్నమే.

కాగితము లేనిచో జీతము లేనట్లేనా? లేనట్లు కాదు. మాటతో కుదిరినదియు ఒడంబడికయే. కాని దానిని నిరూపించుట కష్టము. పని చేసిన దినములను స్వయముగా వ్రాసికొనుట, కుదుర్చుకొను నాడు మూడవ మనిషిని సాక్షిగా నుంచుకొనుట, పుచ్చుకొన్న పైకమును తేదీతో గుర్తించుకొనుట – ఇవి మూడును ఖర్చు లేని జాగ్రత్తలు. మన దేశమున 1936లోనే వేతనముల చెల్లింపు చట్టము పుట్టెను. 2019లో వేతనముల స్మృతి శాసనమాయెను. నెలజీతమును మరుసటి నెల ఏడవ దినములోపల చెల్లింపవలయునని అందు కలదు. రాడిసన్ కాలమున ఇట్టి శాసనములు లేవు. అట్లయ్యును అతడు గెలిచెను.

మరియొక మాట. ఆ వ్యాజ్యములో రాడిసన్ పేరున్నది, కంపెనీ పేరున్నది. తోళ్ళు తెచ్చిన క్రీ వేటగాండ్ర పేర్లు, తోలు శుభ్రపరచిన వారి స్త్రీల పేర్లు లేవు. వారి కష్టమునకు వెల కట్టుమని వారి పక్షమున ఏ న్యాయస్థానమునకును విన్నపము పోలేదు. చరిత్రను చదువునప్పుడు కాగితముమీద నున్నవారిని చూచి, లేనివారినిగూర్చి కూడ అడుగుట మనకు అలవాటు కావలెను.

ఆ కంపెనీ 355 సంవత్సరములు బ్రతికెను. తోళ్ళ వ్యాపారము పోయి, తుదకు కెనడా నగరములలో పెద్ద దుకాణముల సంస్థగా మారి, 2025లో అప్పుల పాలై ఆ దుకాణము లన్నిటిని మూసివేసెను. వేలకొలది ఉద్యోగులు కొలువు కోల్పోయిరి. రాడిసన్ తన ప్రయాణములగూర్చి వ్రాసికొన్న వ్రాతలు మాత్రము నిలిచియున్నవి. అతడు కన్నుమూసిన చాల కాలమునకు, 1885లో, అవి బోస్టను నగరమున అచ్చుపడెను. కంపెనీకంటె గుమాస్తా వ్రాసికొన్న కాగితములే దీర్ఘాయువులైనవి.

మన విద్యార్థి కథ యేమైనదని మీరడుగుదురు. మేము అతనితో గూర్చుండి, అతడు పని చేసిన దినములను జ్ఞాపకము చేసికొని ఒక పట్టిక వ్రాయించితిమి. సంతనుండి తెచ్చిన చీటీలు కొన్ని అతనియొద్ద నుండెను. వానిమీద తేదీ లుండెను. ఆ పట్టికను, చీటీలను తీసికొని అతడు తన తండ్రితో గూడ దుకాణమునకు పోయెను. యజమాని పట్టిక చూచి, కొంత సేపు మాటలాడక, ఒక నెల జీతము లెక్కించి యిచ్చెను. రెండవ నెల జీతము దీపావళికి ఇత్తునన్నాడట. ఆ మాటను కూడ తేదీతో వ్రాసికొనుమని మేము చెప్పితిమి.

అభ్యాసము

1. జీతము, భృతి, దానము – ఈ మూడు పదముల యర్థభేదమును సొంత వాక్యములలో వ్రాయుడు.
2. రాడిసన్ 1694కు పూర్వము తగవులు వచ్చినప్పుడు ఏమి చేసెను? ఆ సంవత్సరమున వేరొక మార్గము నేల త్రొక్కెను?
3. కంపెనీ పక్షమున ఒకరు, రాడిసన్ పక్షమున ఒకరు నిలిచి తరగతిలో వాదింపుడు. విలియం యంగు స్థానమున మీరున్నచో ఏమి చెప్పెదరు?
4. మేనల్లుని విషయమున రాడిసన్ చేసినది న్యాయమా? కారణములతో వ్రాయుడు.
5. మీ యింటిలోనో వీధిలోనో జీతమునకు పని చేయు పెద్దవారి నొకరిని అడిగి, వారి ఒడంబడిక నోటిమాటయో కాగితమో తెలిసికొనుడు. పేరు వ్రాయక, విషయము మాత్రము పది పంక్తులలో వ్రాసి తెండు.